పన్నెండు తక్కువ

మేకు మాస్టారు ఆ ఇంటికి చేసిన అన్యాయం ఇంతా అంతా కాదు! ఇంట్లో దూరిన దొంగనైతే పట్టుకుని నాలుగు తన్నవచ్చు. అబద్ధమాడినవాణ్ని నలుగురి ముందు నిలబెట్టి కడిగేయవచ్చు. కానీ ఒక పిల్ల ఒళ్లు హూనం చేసుకుని గెలుచుకున్న నేలను, ఆ పిల్లకే తెలియకుండా నెలకింత చొప్పున దాచేసి, పైగా ఆమె కన్నతల్లి చేత "మీ మేలు మరచిపోలేం మాస్టారూ" అనిపించుకున్న మనిషిని ఏం చేయాలి? ఆ దొంగతనాన్ని ఏ పోలీసు స్టేషనులో రాసుకుంటారు?

ఆయన బడిలో ఆటల మాస్టారు. లాంగ్ జంప్ పిల్లలకు శిక్షణ ఇస్తాడు. చేతిలో ఎప్పుడూ జానెడు ఇనుప మేకు ఉంటుంది. ఇసుక గుంట పక్కన వేసిన పొడవాటి చెక్కలో ఆ మేకు దిగగొట్టి, "దీన్ని దాటిన రోజు నాతో మాట్లాడు" అంటాడు. అందుకే పిల్లలు ఆయనకు ఆ పేరు పెట్టారు. పెద్దవాళ్లకూ అదే అలవాటైపోయింది.

ఆ మధ్యాహ్నం, వీధిలో అందరూ టైలరమ్మ అని పిలిచే ఆమె, ముందుగదిలో మిషను దగ్గర కూర్చుని ఆస్పత్రి కర్టెన్లకు అంచులు కుడుతోంది. మధ్యగదిలో అత్తగారు దారపు ఉండలు రంగుల ప్రకారం ఏరి డబ్బాల్లో పెడుతోంది. బడి నుంచి కూతురు వచ్చింది. పదహారేళ్ల పిల్ల. పొడుగాటి కాళ్లు, కుదురుగా నిలబడలేని ఒళ్లు. నానమ్మ దానికి మిడత అని పేరు పెట్టింది. ఆ రోజు మిడత గెంతుతూ రాలేదు. నడిచి వచ్చింది. కత్తిరింపు బల్ల మీదున్న పెద్ద కత్తెర తీసుకుంది. సంచిలోంచి ముళ్ల బూట్లు బయటికి లాగి, పళ్లు బిగబట్టి, ఎడమ బూటును పరపరా కోయడం మొదలుపెట్టింది!

"ఏంటే నువ్వు చేస్తున్నది! ఆ కత్తెర గుడ్డకే వాడాలే! పదును పోతుందే!" అని అరిచింది తల్లి.

పాపిష్టి నోరు! కూతురి గుండె కోసుకుపోతుంటే కత్తెర పదును గురించి మాట్లాడింది... ఆ మాట తర్వాత ఎన్ని రోజులు ఆమెను ముల్లులా పొడిచిందో ఆమెకే తెలుసు.

మిడత కత్తెర బల్ల మీద పెట్టేసింది. కళ్లలో ఒక్క చుక్క నీరు లేదు.

"అయిపోయిందమ్మా. ఇక దూకను. రేపటి నుంచి నీతో పాటు మిషను దగ్గర కూర్చుంటా. నువ్వు పోయిన నెల చెప్పావు కదా... నాలుగేళ్లయినా పన్నెండు దాటలేనిదానివి కర్టెన్లు కుట్టుకో అని. నువ్వే గెలిచావు."

"ఇవాళ ఎంత...?" అని తల్లి నోటి నుంచి సగం మాట వచ్చేసింది. నాలుగేళ్ల అలవాటు మరి!

"పన్నెండు తక్కువ!" అని మధ్యగదిలోకి వెళ్లి, గోడవైపు తిరిగి పడుకుంది ఆ పిల్ల.

పన్నెండు తక్కువ... ఆ ఇంటికి ఆ మాట ఎలా వచ్చిందో చెప్పాలి. మిడతను పన్నెండేళ్ల వయసులో మాస్టారి దగ్గర చేర్చిన రోజున ఆయన తల్లిదండ్రులను వరసగా నిలబెట్టి గట్టిగా చెప్పాడు. "ఇంట్లో మెచ్చుకోకండి. మెచ్చుకుంటే పిల్ల చెడిపోతుంది. గ్రౌండుకు రాకండి. మిమ్మల్ని చూస్తే కాళ్లు మెత్తబడతాయి. ఎంత దూకావని అసలు అడగకండి. ఎంత తక్కువైందని అడగండి." ఆయన దూరం ఎప్పుడూ చెప్పేవాడు కాదు. ఇసుకలో పడిన చోటి నుంచి మేకు దాకా చెక్కస్కేలుతో కొలిచి, ఎన్ని సెంటీమీటర్లు తక్కువో అది మాత్రం కేక వేసేవాడు. మేకు దాటిన పిల్లనే పోటీలకు పంపుతానని నియమం. చదువు పెద్దగా లేని తల్లి, చదువుకున్న మనిషి చెప్పిన మాటను శిలాశాసనంలా పట్టుకుంది. రోజూ సాయంత్రం గుమ్మంలో కూతురి సంచి కూడా అందుకోకుండా "ఎంత తక్కువ?" అని అడిగేది. ఇరవై, పద్దెనిమిది, పన్నెండు, మళ్లీ పదిహేను, మళ్లీ పన్నెండు... మొదటి నెలా పన్నెండే, నాలుగో ఏడూ పన్నెండే! ఒకే చోట తిరిగే మిషను చక్రంలా ఉంది పిల్ల బతుకు అనుకుంది ఆ తల్లి. లోపల కుమిలిపోయింది, పైకి కసిరింది.

రెండేళ్ల కిందట ఒకసారి మిడత వీధి మొదటి నుంచే పరుగెత్తుకుంటూ వచ్చింది. మొహం వెలిగిపోతోంది. "అమ్మా, అమ్మా! ఇవాళ గాల్లో ఉండగా నాకేమనిపించిందో తెలుసా..." అని మొదలుపెట్టింది. సూదిలో దారం ఎక్కిస్తున్న తల్లి తల ఎత్తలేదు. "అదంతా సరే, ఎంత తక్కువ?" అంది. ఆ పిల్ల నోరు మూసుకుంది. గాల్లో ఏమనిపించిందో ఆ తర్వాత ఎప్పుడూ చెప్పలేదు. తల్లీ అడగలేదు...

"ఏమ్మా, పిల్ల నోరు నొక్కి నొక్కి ఇంతదాకా తెచ్చారు నువ్వూ, ఆ మేకులాయనా కలిసి!" అంది అత్తగారు దారపు ఉండను డబ్బాలోకి విసిరి. "నేను ఈ కాళ్లతో మంచం దిగితేనే 'అబ్బ, బాగా దిగావమ్మా' అంటాడు నా కొడుకు. అది నాలుగేళ్లు గాల్లో ఎగిరితే ఒక్కరూ బాగుందనలేదు!"

"నేను దాని మంచికే కదా అత్తయ్యా..."

"మంచికే. నీ మంచి తగలెయ్య!"

మర్నాడు పొద్దున్నే తల్లి, పిల్ల కోసిన బూటును గుడ్డలో చుట్టుకుని గ్రౌండుకు బయలుదేరింది. నాలుగేళ్లలో మొదటిసారి! పిల్ల తరఫున బతిమాలుకుందామనే వెళ్లింది. మెడలో కొలత టేపు తియ్యడం మరిచిపోయింది. అది ఆమె ఒంట్లో భాగం అయిపోయి చాలా ఏళ్లయింది.

మాస్టారు గుంట అవతలి వైపు ఇసుక చదును చేస్తున్నాడు. యాభై దాటిన మనిషి. ఎడమ మోకాలు వంగదు. "ఒక్క నిమిషం ఉండండమ్మా, ఇది పూర్తి చేసి వస్తా" అన్నాడు. ఆమె గుంట పక్కనున్న చెక్క మీద చతికిలబడింది. చేతులకు పని లేకపోతే ఆమెకు తోచదు. చెక్క మీదికి పోగుపడిన ఇసుకను ఊరికే అరచేత్తో తోయసాగింది. వేలి కొసకు ఒక చిల్లు తగిలింది.

ఇంకాస్త తోసింది. మూడు వేళ్ల అవతల ఇంకో చిల్లు! ఇంకా తోసింది... మరొకటి! ఆమె మోకాళ్ల మీదికి వంగి రెండు చేతులతో ఇసుక తోసుకుంటూ ముందుకు వెళ్లింది. చిల్లు తర్వాత చిల్లు, చిల్లు తర్వాత చిల్లు, తెల్లచెక్క వైపు, అంటే పిల్లలు కాలు మోపి ఎగిరే చోటు వైపు, వరసగా వెళ్తూనే ఉన్నాయి. నలభై తొమ్మిది. రెండోవైపు చివర, అన్నిటికంటే దూరంగా, మేకు దిగి ఉంది.

అక్షరాలు చదవడం ఆమెకు కష్టమే గానీ, ఈ రాత ఆమెకు బాగా తెలుసు. ఎదిగే పిల్లల గౌన్లు ఏటేటా అంచు విప్పి దింపుతుంది ఆమె. కుట్టు విప్పినా పాత సూది చిల్లులు గుడ్డలో ఉండిపోతాయి. ఆ వరసలు చూసి ఈ పిల్ల ఏ ఏడాది ఎంత ఎదిగిందో చెప్పేస్తుంది. ఇదీ అంతే! ఎవరో అంచు విప్పుతూ వచ్చారు. ఎవరో... నెల నెలా ఎదుగుతూ వచ్చారు!

"ఇవేంటి మాస్టారూ?"

"ఏవమ్మా?"

"ఈ చిల్లులు."

ఆయన దగ్గరికి వచ్చి చూశాడు. "పాత చెక్క కదమ్మా. చెదలు..."

"చెదలు వరస తప్పకుండా తొలుస్తాయా మాస్టారూ? ఇరవై ఏళ్లుగా సూది చిల్లులు చూస్తున్నదాన్ని, నాకు చెప్తున్నారా!"

మాస్టారు చేతిలోని పార ఆనించి, చెక్క చివర మెల్లగా కూర్చున్నాడు.

"ఈ చెక్క మీ అమ్మాయిదేనమ్మా. పిల్లలు ఇళ్లకు వెళ్లాక మేకు జరుపుతాను. రెండు వేళ్లు, మూడు వేళ్లు. ఎవరూ పట్టుకోలేదు" అన్నాడు. "చాలామంది పిల్లలు నాలుగైదు సార్లు జరిపేసరికి మానేస్తారమ్మా. మీ అమ్మాయి మానలేదు. నేను ఎంత జరిపితే అంత దూరం వచ్చింది. పన్నెండో పదిహేనో సెంటీమీటర్లు వెనకే ఉండి వెంటాడింది. నా చేతుల మీదుగా రెండొందల మంది వెళ్లారు. ఇలాంటి దూకు నేను చూడలేదు. అది గాల్లో ఉన్నంతసేపు నేను ఊపిరి తీసుకోనమ్మా... తీసుకోవాలని కూడా గుర్తుండదు."

"ఆ మాట దానికి ఒక్కసారైనా చెప్పారా?"

"చెబితే కడుపు నిండిపోతుంది. ఆకలి చచ్చిన పిల్ల దూకదు. నాకు నేర్పినాయన నాకూ ఇలాగే నేర్పాడు."

"మరి ఆయన పెట్టిన మేకును మీరు దాటారా?"

ఆయన చెయ్యి ఎడమ మోకాలి మీదికి వెళ్లింది. "లేదు."

"ఆయన మీది కూడా జరిపి ఉంటాడేమో అని ఎప్పుడైనా అనిపించిందా మాస్టారూ?"

ఆ పెద్దమనిషి మొహం చూడాలి! ముప్పై ఏళ్లుగా నేలలో పాతుకుపోయినది ఏదో ఒక్కసారి కదిలినట్టు...

"చెబితే ఆగిపోతుందనుకున్నానమ్మా" అన్నాడు.

"చెప్పకే ఆగిపోయింది మాస్టారూ!" అని గుడ్డమూట విప్పి కోసిన బూటు ఆయన ఒళ్లో పడేసింది. ఇక ఆయనతో పని లేదన్నట్టు మెడలోని టేపు తీసింది. తెల్లచెక్క దగ్గర మోకాళ్ల మీద కూర్చుంది. మీటరున్నర టేపు అది. ఒకటి... రెండు... మూడు... నాలుగు టేపులు పూర్తిగా వేసి, పైన ఏడు సెంటీమీటర్లకు మేకు తగిలింది. అందులో పన్నెండు తీసేసింది. వేళ్ల మీద మళ్లీ లెక్క చూసుకుంది. ఆమెకు నమ్మబుద్ధి కాలేదు. బూటు తిరిగి తీసుకుని, పరుగులాంటి నడకతో ఇంటికి వచ్చేసింది.

ఇంటికి వచ్చి, ఎవరితో ఒక్క మాట మాట్లాడకుండా, అటక మీద నుంచి తెల్ల లైనింగు గుడ్డ తాను దించింది. అయిదు మీటర్ల తొంభై అయిదు సెంటీమీటర్లు కొలిచి, గట్టిగా ఊపిరి పీల్చుకుని, ఒక్క కోతన కత్తిరించింది.

"అత్తయ్యా, ఈ చివర పట్టుకుని వంటింటి గోడకు ఆనుకుని నిలబడండి."

"ఎవరికే ఇది? ఇంత పొడుగు గుడ్డ ఎవరికి కుడుతున్నావు?"

"పట్టుకోండత్తయ్యా!"

ఆమె గుడ్డ విప్పుకుంటూ నడిచింది. వంటిల్లు దాటింది. మధ్యగదిలో గోడవైపు తిరిగి పడుకున్న కూతురి మంచం పక్కగా వెళ్లింది. ముందుగదిలో మిషనును రాసుకుంటూ వెళ్లింది. గుమ్మం వచ్చింది. గుడ్డ ఇంకా ఉంది! గడప దాటి, మెట్టు దిగి, వీధిలో ఒక అడుగు వేశాక గానీ గుడ్డ బిగుతుగా నిలవలేదు. ఆమె పెళ్లయి వచ్చిన నాటి నుంచి తిరుగుతున్న ఇల్లు అది. పొయ్యి దగ్గర నుంచి మిషను దగ్గరికి, మిషను దగ్గర నుంచి పొయ్యి దగ్గరికి ఎన్ని వేల సార్లు నడిచిందో. ఆమె బతుకంతా పట్టిన ఇల్లు... ఆమె కూతురి ఒక్క దూకుకు చాలలేదు!

ఆమె గుడ్డ కొస పట్టుకుని వీధిలో అలాగే నిలబడిపోయింది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

సరిగ్గా అప్పుడే భర్త పొద్దుటి డ్యూటీ దిగి వచ్చాడు. సిటీ బస్సు డ్రైవరు. హాస్యం లేకుండా గడప దాటడు.

"ఏంటీ వ్యవహారం? రాక్షసుడెవడైనా చొక్కా కుట్టమని ఆర్డరిచ్చాడా?"

"ఇది మీ కూతురు దూకిన దూరమండీ."

"ఏంటీ?"

"నిన్న. పన్నెండు తక్కువ అని చెప్పింది చూశారా... ఆ పన్నెండు తక్కువ ఇదీ!"

అతను గుడ్డను చూశాడు. గుమ్మంలోంచి లోపలికి, లోపల ఎక్కడో వంటింట్లో మసకగా కనిపిస్తున్న తల్లి చేతి దాకా చూశాడు. చెప్పులు విడిచి, గుడ్డ పక్కనే అడుగులో అడుగు వేస్తూ లోపలికి నడిచాడు. వంటింటి గోడ తాకి వెనక్కి తిరిగాడు.

"నా బస్సు వెడల్పు రెండున్నర మీటర్లు" అన్నాడు చిన్నగా. "రెండు బస్సులు పక్కపక్కన ఆపితే... వాటి వెడల్పు దాటేసి, అవతల నేను నిలబడే చోటు కూడా దాటేసి... ఎలా? రెండు కాళ్లే కదా దానికి కూడా! రెక్కలేమైనా..."

మధ్యగదిలో మంచం కిర్రుమంది. మిడత లేచి కూర్చుంది. తన పక్కగా సాగిపోతున్న తెల్లటి గుడ్డను అటు చూసింది, ఇటు చూసింది.

"ఇదేంటి నాన్నా?"

తల్లి లోపలికి వచ్చింది. చేతిలోని సుద్దముక్కతో గుడ్డ మీద, మంచం కోడు పక్కగా, ఒక గీత గీసింది. మూడు మీటర్ల డెబ్బై ఎనిమిది. పొద్దున టేపు వేస్తున్నప్పుడు మొదటి చిల్లు మూడు తొంభై దగ్గర తగిలింది మరి. అందులో పన్నెండు తీసేసింది.

"నువ్వు చేరిన నెలలో ఇక్కడిదాకా దూకావు. అప్పుడూ పన్నెండు తక్కువే. ఇప్పుడు వీధిలోకి దూకుతున్నావు. ఇప్పుడూ పన్నెండు తక్కువే. ఆయన మేకు జరుపుతూ వచ్చాడే! నలభై తొమ్మిది సార్లు! ఇసుక కింద చిల్లులన్నీ ఉన్నాయి, నా వేళ్లతో లెక్కపెట్టాను. నువ్వు ఒక్కచోటే ఆగిపోలేదే తల్లీ... నువ్వు ఒక్క రోజు కూడా ఆగలేదు!"

మిడత మంచం దిగింది. సుద్దగీత మీద కాలు పెట్టింది. అక్కడి నుంచి గుడ్డ వెంబడి ముందుగది దాటి, గడప దాటి, వీధిలోకి నడిచింది. గుడ్డ ఆగిన చోట ఆగి వెనక్కి తిరిగి చూసింది. ఎవరో వేరే అమ్మాయి చేసిన పనిని చూస్తున్నట్టు, కళ్లు పెద్దవి చేసుకుని, చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని... అప్పటిదాకా రాని ఏడుపు అప్పుడు తన్నుకొచ్చింది.

"నీకు తెలియదామ్మా? నువ్వు కూడా అలాగే అనుకున్నావా?"

"నాకు తెలియదు. తెలుసుకోనూ లేదు. ఆయన ఒక మేకే కొట్టాడు తల్లీ, రోజూ గుమ్మంలో నీ గుండెల్లో కొట్టింది నేను! నన్ను క్షమించమని అడిగే మొహం కూడా నాకు లేదు..."

"అడగకు. ఇంకేదైనా అడుగు."

తల్లికి అర్థమైంది. పన్నెండేళ్ల చిన్నపిల్లలా బెరుగ్గా, నెమ్మదిగా అడిగింది. "గాల్లో ఉన్నప్పుడు... ఎలా ఉంటుందే?"

మిడత ముక్కు తుడుచుకుంది. "చప్పుడు ఉండదమ్మా. అన్ని చప్పుళ్లూ ఆగిపోతాయి. నీ మిషను హఠాత్తుగా ఆగితే ఇల్లంతా ఎలా ఉంటుందో, అలా. అప్పుడు నేను ఎవరికీ తక్కువ కాదు. కిందపడ్డాకే తక్కువ."

"ఒసే, ఈ గుడ్డ వదిలెయ్యనా? చేతులు లాగుతున్నాయి!" అని వంటింట్లోంచి కేకేసింది నానమ్మ. ఆ ఏడుపుల్లోనే అందరూ నవ్వేశారు.

ఆ సాయంత్రం తల్లి తోలుసూది తీసి, కోసిన బూటును రెండు వరసల మైనపు దారంతో కుట్టింది. కొత్త బూటు కొందామన్నాడు తండ్రి. మిడత ఒప్పుకోలేదు.

మర్నాడు నలుగురూ గ్రౌండుకు వెళ్లారు. నానమ్మ కోసం ఇంటి నుంచి స్టూలు మోసుకొచ్చాడు తండ్రి. మాస్టారు వాళ్లను చూసి లేచి నిలబడ్డాడు. రావద్దనలేదు. చెక్క మీది ఇసుకంతా ఊడ్చేసి ఉంది. చిల్లులన్నీ బయటికి కనిపిస్తున్నాయి. మేకు లేదు.

"మేకేది మాస్టారూ?" అంది మిడత.

ఆయన జేబులోంచి తీసి చూపించాడు. "నువ్వే చెప్పు. ఎక్కడ కావాలంటే అక్కడ కొడతా."

ఆ పిల్ల చిల్లుల వరసను చివరిదాకా చూసింది. "ఇవాళ వద్దు. ఊరికే దూకుతా."

పరుగు మొదలుపెట్టింది. మొదట బద్ధకంగా, తర్వాత బాణంలా. తల్లి రెండు చేతులూ గుండెలకు హత్తుకుంది. తెల్లచెక్క మీద కాలు టప్పున పడింది... అంతే! ఆ పిల్లకు బరువు లేదు! నేల ఆమెను వదిలేసింది. మోకాళ్లు పైకి లేచాయి, చేతులు చాచుకున్నాయి, జుట్టు వెనక్కి ఆగిపోయింది. తను తొమ్మిది నెలలు మోసిన ఒళ్లు, తను ఒంటికి కొలతలు తీసి గౌన్లు కుట్టిన ఒళ్లు, ఏ కొలతకూ అందకుండా వెలుతురులో తేలుతోంది! టైలరమ్మకు చప్పుళ్లన్నీ ఆగిపోయాయి. కూతురు చెప్పిన నిశ్శబ్దం ఇదేనా... గాల్లో ఉన్నది అది, ఊపిరి ఆగినది తనకు! అంత అందమైనదాన్ని దేన్నీ చూడలేదు ఆమె. బతికి ఉండగా ఇది చూడగలిగినందుకు ఎవరికి చెప్పుకోవాలో తెలియక, పక్కనున్న అత్తగారి చెయ్యి నలిపేసింది.

ఇసుక ఎగిసిపడింది. మాస్టారు వంగని మోకాలు ఈడ్చుకుంటూ వెళ్లి, నాలుగేళ్లలో మొదటిసారి తెల్లచెక్క నుంచి పూర్తి టేపు సాగదీశాడు.

"అయిదు మీటర్ల ఎనభై ఒకటి!" అని కేక వేశాడు.

"అయ్యో, మొన్నటికంటే తగ్గిందే!" అని ఇసుకలో కూర్చునే పకపకా నవ్వింది మిడత. ఆ నవ్వు విని ఎన్నాళ్లయిందో!

"బాగుంది" అన్నాడు మాస్టారు. వాడక తుప్పు పట్టిన తాళంలా కిర్రుమంది ఆ మాట. "చాలా... బాగుందమ్మా. వచ్చే నెల పోటీలకు నీ పేరు రాస్తున్నాను." జేబులోని మేకును టైలరమ్మ చేతిలో పెట్టి, తల దించుకుని పక్కకు వెళ్లిపోయాడు.

తండ్రి ఈల వేశాడు. నానమ్మ స్టూలు మీద నుంచే "ఇంకోటి దూకవే!" అంది. పిల్ల మళ్లీ పరుగుబాట వైపు వెళ్లింది. తల్లి మాత్రం చెక్క దగ్గర కూర్చుండిపోయింది. కోపం వెళ్లిపోయింది గానీ, ఆ చిల్లులు ఎక్కడికీ వెళ్లలేదు. ఒక్కో చిల్లూ ఒక్కో సాయంత్రం. గుమ్మంలో పిల్ల నిలబడి ఉండగా తను తల ఎత్తని సాయంత్రం. పోటీలు ముందున్నాయి, ఆ దూకులన్నీ ఆమె చూస్తుంది, ఒక్కటీ వదలదు. కానీ గడిచిపోయినవాటిని, తన కూతురు ఒంటరిగా గెలుచుకున్న నేలను, తను కళ్లారా చూడకుండా పోగొట్టుకున్న నేలను, ఎవరు తెచ్చిస్తారు? మెడలోని టేపు తీసి, మొదటి చిల్లు నుంచి చివరి చిల్లు దాకా చివరిసారిగా కొలిచింది.

రెండు మీటర్ల పదిహేడు సెంటీమీటర్లు.